వేలిముద్ర నాది, మాట ఎవరిది?

(అనంతపురంలో డిసెంబరు 3న వికలాంగులు, వాళ్ల ఇంటివాళ్లు, వార్డు సచివాలయం ఉద్యోగులు కలిసి కూర్చున్న సభలో ఒక మహిళ చేసిన ప్రసంగానికి రాతరూపం. మాటతీరు మార్చలేదు.)

మైకు కొంచెం దించప్పా. ఇంకొంచెం. ఆఁ, సాలు.

అందరికీ నమస్కారం. వేదిక మీదికి రమ్మన్నారు, నేను కిందనే ఉంటానన్నాను. అలిగి కాదు. పైకి నాలుగు మెట్లున్నాయి. ఇద్దరు పిల్లోళ్లు చక్రాల కుర్చీతో సహా ఎత్తుకుపోతామని వచ్చినారు. మంచి పిల్లోళ్లే, కానీ నాకు యాభై దగ్గర పడినాయి. పల్లకీలో పెండ్లికూతురు మాదిరి ఊగుకుంటా పైకి పోవాలని లేదు. పైగా ఎత్తేవాళ్లు ఎవరైనా సరే, కుర్చీలో ఊడొచ్చే భాగం ఏదుందో సరిగ్గా దాన్నే పట్టుకుంటారు!

ఒకటో తారీకు సంగతితో మొదలుపెడతా. ఆ రోజు పొద్దున్నే సచివాలయం వాళ్లు పింఛను తీసుకుని ఇంటికొస్తారు. 2024 జూలై నుంచి మన పింఛను 6,000 అయింది, అంతకు ముందు 3,000. మంచం దిగలేని వాళ్లకు 15,000. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి రాదు. మా వీధిలో ఒకామెకు వస్తుంది. రెండు కండ్లూ కనపడవు, వయసు నలభై పైనే. ఒక ఒకటో తారీకు వాళ్ల అరుగు దగ్గర స్కూటీ ఆపుకుని చూస్తా ఉన్నా. పిల్లోడు వచ్చినాడు. ఆమె చెయ్యి పట్టుకుని మిషను మీద వేలు పెట్టించినాడు. మిషను కుయ్‌మనింది. నోట్లు లెక్కబెట్టి, పక్కన నిలబడిన ఆమె అన్న చేతిలో పెట్టినాడు. అన్న ఇంకోసారి లెక్కబెట్టుకుని జోబులో వేసుకున్నాడు. ఆమె వేలు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

అన్న చెడ్డోడు కాదు, ఆ మాట ముందే చెప్పాల. చెల్లెలికి వేళకు కూడు పెడతాడు. ఉగాదికి చీర తెస్తాడు. జొరమొస్తే ఆసుపత్రికి తనే తీసుకపోతాడు. ఊరికే ఉండలేక అడిగినా, 'ఏమప్పా, ఆమె చేతికియ్యకూడదా?' అని. 'ఆమెకు డబ్బులతో ఏం పనక్కా? కావాల్సిందంతా మేమే తెస్తాం గదా' అన్నాడు.

నేనీ రోజు మాట్లాడేదంతా ఈ ఒక్క జవాబు గురించే. కూడు, గుడ్డ, మందు, అన్నీ ఉన్నాయి. ఆమె మాట మాత్రం ఆ ఇంట్లో చెల్లదు. చీర రంగు కూడా ఆమెను అడగరు. కనపడని కండ్లకు రంగుతో ఏం పని అంటారు. ఆమెకు రంగు కనపడకపోవచ్చు గానీ, చీర ఇచ్చేటప్పుడు పక్కింటామె 'అబ్బా, ఏం రంగు!' అనింది చెవికి వినపడుతుంది గదా.

తర్వాతి నెల ఆ సచివాలయం పిల్లోడికి నేనే చెప్పినా, ఆమె చేతిలో పెట్టమని. పెట్టినాడు. పన్నెండు ఐదొందల నోట్లు. ఆమె వాటిని ఒక్కొక్కటే అంచున తడిమి చూసుకునింది. ఐదొందల నోటు అంచుల్లో ఐదు వాలుగీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, తడిమితే వేలికి తగుల్తాయి. రెండొందల నోటుకు గీతలు నాలుగే. నోటు పొడవు కూడా తేడా ఉంటుంది. ఫోను చూపిస్తే ఇది ఎంత నోటో పలికి చెప్పే 'మని' అనే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, నోట్లు ఆమె దాకా వస్తే గదా! మొదట ఏం కొనిందనుకుంటున్నారు? అన్న కూతురికి గౌను. ఇన్నేండ్లుగా ఆ ఇంట్లో మూల కూర్చున్న మనిషి తన మేనత్త అని ఆ పిల్లకు ఆ రోజు బాగా అర్థమయింది.

స్వతంత్రంగా బతకడం అంటానే మన ఇండ్లలో ఒక మాట వస్తుంది: 'వాళ్ల పని వాళ్లే చేసుకోలేరు, ఇంక స్వతంత్రం యాడిది?' సరే. సెనక్కాయ పీకే కాలం గుర్తు చేసుకోండి. చేను ఒక్కడే పీకుతాడా రైతు? మీ చేనికి మేం వస్తాం, మా చేనికి మీరు రాండి అని పదిమంది కూడితే గానీ పని తెగదు. అట్లని ఆ రైతును ఎవరన్నా పరాధీనుడు అంటారా? ఎప్పుడు పీకాల, ఎవరిని పిలవాల, కాయలు ఎప్పుడు అమ్మాల అన్నది తను చెప్తాడు కాబట్టి అనరు. కలెక్టరుగారు కారు తోలుకోరు. ఎమ్మెల్యే తన టీ తను కాచుకోడు. వాళ్లకు సాయం చేసేవాళ్లను పనివాళ్లు అంటాం. మనకు సాయం చేసేవాళ్లు మాత్రం దేవుళ్లయిపోతారు. దేవుడికి 'కొంచెం ఆగి రా సామీ, ఇప్పుడే స్నానం వద్దు' అని ఎట్లా చెప్తాం?

ఈ ముడి విప్పినోడు ఒకాయన ఉన్నాడు, అమెరికాలో, ఎడ్ రాబర్ట్స్ అని. నా మాదిరే పోలియో, కానీ నాకంటే చానా ఎక్కువ. 1953లో, పద్నాలుగేండ్లప్పుడు వచ్చింది. మెడ కింద ఒకటి రెండు వేళ్లు తప్ప కదలిక లేదు. రాత్రి ఊపిరాడాలంటే ఇనుప పెట్టె లాంటి మిషనులో పండుకోవాల. 1962లో కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీలో చదువుకు చేరితే ఆ మిషను పట్టే హాస్టలు గది లేదు, కాలేజీ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చినారు. చదువుకు డబ్బు సాయం అడిగితే కాలిఫోర్నియా పునరావాస శాఖ వాళ్లు ముందు కాదన్నారు, నువ్వు ఎట్లాగూ పని చేయలేవని. తర్వాతి కాలంలో అదే శాఖకు ఆయన డైరెక్టరు అయినాడు. ఇది వినడానికి బాగుంటుంది గానీ నాకు ఆయనలో నచ్చింది అది కాదు. ఆయనా ఆయన స్నేహితులూ తమకు స్నానం చేయించే మనిషిని, తినిపించే మనిషిని తామే చూసి పెట్టుకున్నారు, పని తామే నేర్పినారు, సరిగ్గా చేయకపోతే తామే మాన్పించినారు. 1972లో బర్కిలీలో స్వతంత్ర జీవన కేంద్రం అని ఒకటి పెట్టి, ఇదే పద్ధతి వేరేవాళ్లకూ అందించినారు. చెయ్యి కదపలేని మనిషి 'రేపటి నుంచి నువ్వు రావద్దు' అని చెప్పగలిగినాడు. నేనైతే దాన్నే స్వతంత్రం అంటా.

నా సంగతి కొంచెం చెప్తా. రెండేండ్ల పిల్లప్పుడు జొరమొచ్చింది, సూది వేయించినారు, కాళ్లు రెండూ పడిపోయినాయి. మా కాలం పోలియో పిల్లల్లో చానామంది ఇండ్లలో కథ ఇదే. సూది వల్లే అని మా అమ్మ చచ్చేదాకా నమ్మింది. లోపల పోలియో పురుగు ఉన్నప్పుడు కండలో సూది పొడిస్తే పక్షవాతం ఎక్కువయ్యే అవకాశం ఉందని డాక్టర్లు చెప్తారు, అంటే ఆమె మాట మొత్తం అబద్ధం కాదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, బెంగాల్‌లో హౌరా కాడ. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. అంటే మాది అంతరించిపోయే జాతి. పులులకు ఇచ్చినట్టు మాకూ ఏదన్నా అభయారణ్యం ఇస్తారేమో చూడాల.

మా నాయన నన్ను భుజం మీద పెట్టుకుని బడికి మోసినాడు. పది దాకా చదివించినాడు. అందుకు ఆయనకు దండం పెడతా. కానీ మా అన్న పెండ్లికి నన్ను తీసుకపోలేదు. పెండ్లి పక్క ఊర్లో. బండిలో చోటు లేదన్నారు. అమ్మ రెండు పూటలకు సరిపడా అన్నం, నీళ్ల చెంబు, పక్కన బకెట్టు పెట్టి, నాకు భయమవుతుందేమో అని బయట తాళం వేసి పోయింది. ఎవరన్నా అడిగితే 'ఇంటికి కాపలా పెట్టినాం' అని చెప్పినారంట. లోపల నేను, బయట తాళం, తాళంచెవి అమ్మ రొండిన. ఎవరికి ఎవరు కాపలానో ఇప్పటికీ తెలియదు నాకు. మేళాలు వినపడేంత దగ్గర కూడా కాదు ఆ ఊరు. అయినా చెవులు పెట్టుకుని విన్నా.

నన్ను మొదటిసారి 'నువ్వేమంటావ్?' అని అడిగింది మా ఊరి వికలాంగుల సంఘంలో. మన జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థ ఊరూరా ఇట్లాంటి సంఘాలు కట్టించింది. రచ్చకట్ట మీద నలుగురైదుగురం కూర్చునేవాళ్లం. పొదుపు పది రూపాయలా ఇరవయ్యా అని ఒకరోజు చర్చ. నా వంతు వచ్చింది. ఏమనాలో తెలీక ఏడ్చినా. అప్పటికి ఇరవయ్యేండ్లు, ఏ విషయంలోనూ ఎవరూ అడిగి ఎరగరు. నోరు తిరగాలంటే ఎవరో ఒకరు అడగాల గదా. మీ పిల్లలకు ఏమీ తెలీదు అంటారు మీరు. ఎన్నిసార్లు అడిగినారు?

వికలాంగుల కోటాలో పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని ఈ ఊరొచ్చినా. ఇల్లు దొరకడం ఉద్యోగం కంటే కష్టమయింది. ఒకామె ఇల్లు చూపించి, నా కర్రలు చూసి, 'మా ఇంట్లో పెండ్లి కావాల్సిన పిల్లలున్నారు' అనింది. నేనేమన్నా అంటిస్తానా? ఇంకొకాయన మంచోడు, ఇస్తానన్నాడు, కానీ 'నీకు ఏమన్నా అయితే ఎవరిని పిలవాల?' అని పది సార్లు అడిగినాడు. చివరికి ఇచ్చిన ముసలామె ఒక్కటే అడిగింది, బాడిగ ఎప్పుడిస్తావని.

ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఇక్కడ మేస్త్రి పని చేసేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి. వాకిట్లో మూడు మెట్లు. మెట్టుకు ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర ఎత్తు. దానికి ర్యాంపు ఎంత పొడవుండాల? అడుగు ఎత్తుకు పన్నెండడుగులు లెక్క. అంటే పద్దెనిమిదడుగులు. మన ఊర్లో ఆఫీసుల ముందర కట్టినవి చూసినారా? మూడు మెట్లకు నాలుగడుగుల ర్యాంపు. అది ర్యాంపు కాదు, పార్కులో జారుడుబండ. ఎక్కబోతే కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. ఫొటో తీసి పైకి పంపడానికి పనికొస్తుంది. మా ఇంటి ముందర అంత స్థలం లేదని మేస్త్రి గోడ వెంబడి మలుపు తిప్పినాడు, మలుపు కాడ కుర్చీ తిరిగేంత చదును వదిలినాడు. స్నానాలగది తలుపు రెండడుగులే, నా కుర్చీ పోదు. తలుపు పీకేసి పరదా కట్టినాం. సిగ్గు పరదాతోనూ దాగుతుంది. గోడకు ఇనుప పైపు అడ్డంగా బిగించినాం, పట్టుకుని లేవడానికి. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యన బొక్క కోయించి దొడ్డికి వాడుకున్నా, తర్వాత కమోడు పెట్టించినాం. వంటింట్లో కడప బండ రెండున్నర అడుగుల ఎత్తులో వేయించి, కింద అలమారా కట్టనీయలేదు, నా మోకాళ్లు దూరాల గదా. స్విచ్చులు కిందికి దింపించినా. దీనికంతా అయిన ఖర్చు మా అన్న పెండ్లిలో పందిరికి అయినదానికంటే తక్కువ.

మొదటి రాత్రి లోపల గడియ నేనే పెట్టుకున్నా. మళ్లీ తీసినా, మళ్లీ పెట్టినా. నాలుగైదుసార్లు. నవ్వకండి.

ఇదంతా కాళ్లు లేనోళ్ల కథ, మా పిల్లోడికి బుద్ధే ఎదగలేదు, వాడి సంగతేంది అని అడుగుతారు మీలో సగం మంది. నాతో పనిచేసేఆమె కొడుకు అట్లాంటివాడే. వయసు ముప్పైనాలుగు. ఇంట్లో అందరూ 'బాబు' అంటారు. బాబుకు గడ్డం నెరుస్తా ఉంది. వాడు పాలప్యాకెట్టు తానే తేవాలని పెట్టుకున్నాం. దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసినాం: చెప్పులేసుకునేది, గేటు మూసేది, గోడ పక్కనే నడిచేది, రోడ్డు కాడ ఆగేది, డబ్బులిచ్చేది, చిల్లర తీసుకునేది. వారం రోజులు అమ్మ పక్కనే నడిచింది. రెండో వారం పది అడుగులు వెనక. ఆ తర్వాత వీధి మలుపు దగ్గరే నిలబడింది. జోబులో ఫోను నంబరు రాసిన కార్డు. అంగడాయనతో ముందే మాట్లాడిపెట్టినాం, తొందర పెట్టొద్దు, వాడు లెక్కబెట్టేదాకా ఆగు అని.

ఒంటరిగా పోయిన పదకొండో రోజు వాడు రాలేదు. పావుగంట, అరగంట, గంట. వాళ్లమ్మ నాకు ఫోను చేసి ఏడుస్తా ఉంది, నీ మాట విని నా కొడుకును పోగొట్టుకున్నా అని. నాకూ కాళ్లు వణికినాయి, వణికే కాళ్లు ఉంటే! ఇంతలో వాడే వచ్చినాడు, చేతిలో పాలప్యాకెట్టు, ఒళ్లంతా దుమ్ము. యాడ పోయినావ్‌రా అంటే, పక్క వీధిలో బోరు వేస్తాన్నారంట, అక్కడ నిలబడి చూసినాడు. 'నీళ్లు పడలేదమ్మా' అన్నాడు, బాధగా. అనంతపురం మనిషి అనిపించుకున్నాడు.

ఆమె ఇంక పంపనంటే పంపనని కూర్చునింది. నేను అడిగినా, మీ ఆయన బోరు బండి కాడ గంట నిలబడితే ఏం చేస్తావమ్మా, జన్మలో బయటికి పంపవా అని. తిడతా అనింది. అయితే వీణ్నీ తిట్టు, రేపు మళ్లీ పంపు అన్నా. పంపింది. తప్పిపోతాడు, మోసపోతాడు, పడతాడు అనే భయం ఉత్తది కాదు. నేనూ మోసపోయినా, మీరూ మోసపోయినారు, అట్లా నేర్చుకున్నాం. వాడికి మాత్రం అది వద్దంటే ముప్పైనాలుగేండ్లకు నేర్వనిది మీరు పోయినాక ఒక్కరోజులో యాడ నేరుస్తాడు? ఇక్కడ కూర్చున్న తల్లులందరి గుండెలో ఒకటే ప్రశ్న ఉంటుంది, నేను పోయినాక వీడి గతేంది అని. నాకు తెలుసు. రాత్రి నిద్రపట్టనీయని ప్రశ్న అది. దానికి జవాబు మీరు ఉన్నప్పుడే, పాలప్యాకెట్టు కాడ మొదలుపెట్టాల.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా, పోటీ పరీక్షలకు చదివే పిల్లోళ్లకు నాకంటే బాగా తెలుసు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవైయొకటి. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం 4 అయింది. నలుగురి ముందర కావాలని కించపరిచి అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. మధ్యలో మన పేర్లు కూడా మార్చినారు. వికలాంగులం దివ్యాంగులమయినాం, రాష్ట్ర శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులమయినాం. బోర్డు మారింది గానీ దాని కింది మెట్లు అట్లాగే ఉన్నాయి.

నేను ఆగి చెప్పాలనుకున్నది ఆ చట్టంలో పదమూడో సెక్షను. అందరితో సమానంగా మనకూ ఆస్తి ఉండొచ్చు, వారసత్వం రావచ్చు, మన డబ్బు వ్యవహారం మనమే చూసుకోవచ్చు, బ్యాంకు లోను తీసుకోవచ్చు అని అందులో ఉంది. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. మనకు సాయం చేసే మనిషికే ఒక వ్యవహారంలో సొంత లాభం అడ్డమొస్తే, ఆ వ్యవహారంలో ఆ మనిషి సాయానికి దూరంగా ఉండాల. అర్థమయిందా? భూమి పంపకాల కాయితం మీద చెల్లెలి చేత వేలిముద్ర వేయించడానికి ఆమె చెయ్యి పట్టుకోవాల్సింది, ఆ భూమిలో భాగం కలిసొచ్చే అన్న కాదు. మన పల్లెల్లో ఇన్నేండ్లు ఎవరు పట్టుకున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నా వంతు నాలుగెకరాల్లో నాకేమొచ్చిందో ఇక్కడ చెప్పను, మా అన్న వెనక వరసలో కూర్చున్నాడు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు, పద్దెనిమిది నిండినాక సంరక్షకుణ్ని పెట్టే దారి 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ చూస్తుంది. అవసరమైతే పోండి. కానీ 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షణలో నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాల, వాడితో మాట్లాడి. సంరక్షకుడి కాయితం వచ్చింది కదా అని వాడి నోరు మూయించే తాళం కాదు అది.

సచివాలయం వాళ్లకు నాదొక్కటే మనవి. ఒకటో తారీకు పోయినప్పుడు మాట్లాడేది ఆ మనిషితో మాట్లాడండి, డబ్బులు ఆ మనిషి చేతికియ్యండి. ఆ తర్వాత ఆమె అన్నకిచ్చుకుంటే ఇచ్చుకోనీ. ఆమె ఇచ్చింది అవుతుంది.

పెండ్లి గురించి మాట్లాడమని నిర్వాహకులు చీటీ పంపినారు. ఇప్పుడు టైము లేదు, అది రెండు గంటల సంగతి. నన్ను చూడ్డానికొచ్చినోళ్లు అడిగిన ప్రశ్నలు చెప్తే మీరు భోజనాలకు లేవరు.

మా అమ్మ చివరి ఎనిమిది నెలలు నా దగ్గరే ఉంది. తుంటి ఎముక విరిగింది. మా అన్న ఇంటికి మెట్లు, బయట దొడ్డి. మా ఇంట్లో అంతా నా కోసం దింపి పెట్టుకున్నదే గదా, ఆమెకూ సరిపోయింది. నా పైపే పట్టుకుని లేచేది, నా ర్యాంపు మీదే వాకర్‌తో దిగి వాకిట్లో కూర్చునేది. ఒకరోజు నేను ఆఫీసుకు బయల్దేరుతా ఉంటే మంచం మీద నుంచి అడిగింది, 'తలుపు దగ్గరగా వేసి పోతావా పాపా, తాళం వేస్తావా?' అని. నేను అప్పటికి గడప దాటి ర్యాంపు మీద ఉన్నా. వెనక్కి తిప్పి లోపలికొచ్చినా. నువ్వెట్లా చెప్తే అట్లా అన్నా. చానాసేపు ఆలోచించింది. 'తెరిచే పెట్టు, పక్కింటామె వస్తాదేమో' అనింది. ఆ పెండ్లి రోజు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఇంక సాలు. ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, అక్కడ, మూడో వరసలో నీలం చొక్కా వేసుకున్నాయన చెయ్యెత్తినాడు. ఏమ్మా, చెయ్యెందుకు దించుతావు ఆయనది? వదులు. నువ్వు చెప్పప్పా. తొందరేం లేదు, మేమంతా ఆగుతాం. మైకు ఆయన దగ్గరికి తీసుకపోండి.